పెడల్ లేదు, మోటారు లేదు, మరి బండి ఎలా కదులుతుంది?

చెన్నై విల్లివాక్కం నుంచి ఒక పాఠకుడు అడిగారు: “మా మనవలకి పాత సామాన్లతో ఎక్కి తిరిగే బండి చేద్దామనుకుంటున్నాను. పెడల్, చైను పెడితే వేళ్ళు ఇరుక్కుంటాయేమోనని టెన్షన్. హ్యాండిల్ అటూ ఇటూ ఊపితే చాలు, ముందుకు పోయే బండ్లు షాపులో చూశాను. అవెలా పోతాయి? ఇంట్లో చేయొచ్చా?”

నిక్షేపంగా చేయొచ్చు. పాత మంచం చెక్కో, తలుపు ముక్కో పీటకి సరిపోతుంది. పాత విడిభాగాలు దొరికే పుదుపేటలోనో, మీ వీధి కాయలాన్ కడలోనో, అంటే పాత సామాన్ల కొట్టులోనో, తుక్కు సైకిల్ నుంచి హ్యాండిల్, దాని కింది గొట్టం, అది తిరిగే హెడ్ పైపు కోయించి తెచ్చుకోండి. చక్రాలకి పిల్లలకి పొట్టయిపోయిన స్కేటింగ్ బూట్లు వెతకండి. ఆ చక్రాల్లో సాధారణంగా 608 నంబరు బేరింగులు ఉంటాయి: లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, వెడల్పు 7. చక్రం పైభాగం పాలియురెథేన్ కాబట్టి నేలని బాగా పట్టుకుంటుంది. ఆ పట్టు మనకి చాలా అవసరం. చెక్క కోయడం, స్క్రూలు బిగించడం మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు కిటుకు ఒక్కచోటే ఉంది. ముందు చక్రాల ఇరుసు సరిగ్గా హ్యాండిల్ గొట్టం కింద ఉండకూడదు. గొట్టం అడుగున ఇనుప పట్టీ ఒకటి వెల్డింగ్ చేయించి, రెండు మూడు అంగుళాలు వెనక్కి, అంటే సీటు వైపుకి, ఆ పట్టీ చివర ఇరుసు పెట్టాలి. ఇరుసు గొట్టం కిందే ఉంటే హ్యాండిల్ ఎంత ఊపినా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, బండి అంగుళం కూడా కదలదు. ఆ రెండు మూడు అంగుళాల దూరమే ఈ బండికి ఇంజను.

ఎలాగంటారా? చక్రం ముందుకీ వెనక్కీ సులువుగా దొర్లుతుంది, పక్కకి మాత్రం జరగదు. హ్యాండిల్ తిప్పినప్పుడు వెనక్కి ఉన్న ఇరుసు పక్కకి ఊగాలి, కానీ నేల ఊగనివ్వదు. అందుకని ఇరుసుకి బదులు బండి ముక్కే, అంటే ముందు భాగమే, పక్కకి జరుగుతుంది. సీటు మీద పిల్ల కూర్చుని ఉంది కదా, ఆ బరువు అంత తొందరగా తిరగనంటుంది. ఆ మొండితనం వల్ల ముందు చక్రాలు నేలని పక్కకి నొక్కుతాయి, నేల వాటిని తిరిగి నెడుతుంది. ఆ నెట్టుడు చక్రానికి లంబంగా ఉంటుంది. చక్రమేమో ఏటవాలుగా తిరిగి ఉంది. కాబట్టి ఆ నెట్టుడులో కొంత భాగం బండిని ముందుకి తోస్తుంది. సీతాఫలం గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే పక్కల నుంచి నొక్కినా ముందుకి ఎగురుతుంది చూడండి, అలా.

ఇక్కడ నాకు మహా ఇష్టమైన సంగతి చెప్పాలి. హ్యాండిల్ మధ్యలో తిన్నగా ఉన్నప్పుడు ముందుకి తోపు సున్నా. ఊపు చివరికి వచ్చి, చెయ్యి ఆగి, వెనక్కి మళ్ళే క్షణంలో తోపు అన్నిటికన్నా ఎక్కువ. ఎందుకంటే బండి ముక్కుని ఆపి వెనక్కి తిప్పాల్సింది అప్పుడే, చక్రం ఎక్కువ వాలి ఉండేదీ అప్పుడే. లెక్క వేస్తే, చిన్న కోణాలకి, తోపు ఊపు కోణం వర్గాన్ని బట్టీ, ఊపే వేగం వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. రెట్టింపు వేగంతో ఊపితే తోపు నాలుగింతలు. వర్గానికి మైనస్ ఉండదు గదా, అందుకే ఎడమకి తిప్పినా కుడికి తిప్పినా బండి ముందుకే పోతుంది! ఒక్క మైనస్ గుర్తు పోవడం వల్ల పుట్టిన బండి ఇది. తొమ్మిదో తరగతి పిల్లలకి వర్గాలు చెప్పేటప్పుడు దీన్ని క్లాసులోకి తెచ్చి చూపిస్తే ఎంత బాగుంటుంది!

పి.ఎస్. కృష్ణప్రసాద్, దిమిత్రిస్ సాకిరిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రోలర్ రేసర్ అనే ఇలాంటి బొమ్మబండి మీద 2001లో పెద్ద గణిత పత్రమే రాశారు. దాన్ని పాములా పాకే యంత్రాల చలనంతో కలిపి చూశారు. పాము పొట్ట పొలుసులు కూడా ముందుకి తేలిగ్గా జారి, పక్కకి గట్టిగా పట్టుకుంటాయి. బళ్ళో మనకి ఘర్షణ అంటే ఎక్కువగా శక్తిని తినేసే నష్టమనే నేర్పుతారు. ఏ దిక్కున తక్కువ, ఏ దిక్కున ఎక్కువ అన్న ప్రశ్న అడగడం అరుదు. చదును నేల మీద మెలికలు తిరుగుతూ పోయే పాము నడక చాలావరకు ఆ తేడా మీదే ఉంది.

అందుకే వెనక చక్రాలకి ఆఫీసు కుర్చీ చక్రాలు వాడకండి. అవి ఎటు పడితే అటు తిరుగుతాయి, పక్క పట్టు ఉండదు. వెనక ఇరుసు కదలకుండా బిగించి ఉండాలి. తడిసిన గ్రానైటు మీదా, ఇసుక మీదా కూడా ఈ బండి పోదు. అపార్టుమెంటు కింద పార్కింగులో పొడి సిమెంటు నేల దీనికి సరైన చోటు.

చూసినవాళ్ళు “కరెంటు లేకుండా, తొక్కకుండా పోతోంది” అని ఆశ్చర్యపోతారు. ఫోన్లలో తిరిగే ‘ఇంధనం లేని కారు’ వీడియోల్ని ఇలాంటివాళ్ళే నమ్మేస్తారు. ఊరికే వచ్చిన శక్తి ఇక్కడ ఏమీ లేదు. పొద్దున తిన్న ఇడ్లీ పిల్ల భుజాల్లో పనిచేస్తోంది. ఇంట్లో పెద్దవాళ్ళు నిమ్మకాయ, మిరపకాయలు కడతామంటే కట్టనివ్వండి, కానీ పిల్లని కాపాడేది ఇరుసు చివర నైలాన్ లాక్ నట్టు, అంటే అదురుకి తొందరగా వదులవని నట్టు. వారానికోసారి స్పానరు వేసి చూడండి.

పట్టీకి ఒకే రంధ్రం కాకుండా వరసగా కొన్ని వేయించండి. దూరం పెరిగితే తోపు పెరుగుతుంది, హ్యాండిలూ బరువెక్కుతుంది. చిన్నమనవడికి దగ్గరి రంధ్రం, పెద్దమనవరాలికి దూరపు రంధ్రం. హ్యాండిల్ పూర్తిగా తిరిగేలా వదిలితే రివర్సు కూడా ఉంటుంది: సగం చుట్టు తిప్పితే ఇరుసు ముందుకి వస్తుంది, అదే ఊపు బండిని వెనక్కి లాగుతుంది. బ్రేకు మాత్రం లేదు. అరికాళ్ళు నేలకి ఆనేంత ఎత్తులోనే సీటు పెట్టండి, పార్కింగు ర్యాంపుకి అడ్డంగా ఏదైనా బరువైనది పెట్టాకే పిల్లల్ని ఎక్కించండి.