ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ‘ముంచేసిన’ ఆటగాళ్లు: అపోహలు, వాస్తవాలు

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే, అమెరికన్ ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని ఆటగాళ్లను డ్రాఫ్టులో వంతులవారీగా ఎంచుకుని ఊహాజనిత జట్టు కట్టుకోవడం. వాళ్లు మైదానంలో సాధించే గజాలు, పట్టే క్యాచులు, టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) మనకు పాయింట్లవుతాయి; ఆటగాళ్లను ఇతర జట్లతో మార్చుకోవడాన్ని ట్రేడు అంటారు. ప్రతి ఏడాదీ అక్టోబరు మొదటి పక్షంలో నాకు ఒకే ప్రశ్న వస్తుంది. అడిగేవారి పేరూ ఆటగాడి పేరూ మాత్రమే మారుతుంటాయి. “అన్నా, నా మొదటి రౌండ్ ఆటగాడు ముంచేశాడు. ఎంతకొస్తే అంతకు ట్రేడు చేసేయనా?” డాలస్ శివార్లలో ఉండే తెలుగు మిత్రులతో 12 జట్ల ఎన్‌ఎఫ్‌ఎల్ ఫాంటసీ లీగును చాలాకాలంగా కమిషనర్‌గా నడుపుతున్నాను, కొత్తగా చేరినవారికి డ్రాఫ్టు సన్నాహాల్లో సాయం చేస్తున్నాను కాబట్టి, ఆ ప్రశ్న వెనుక ఉన్న ఆందోళన నాకు బాగా తెలుసు. ఆగస్టు నెలంతా రాత్రులు కూర్చుని చదివి, పోల్చి, ఇంట్లోవాళ్ల చేత మాటలు పడి మరీ ఎంచుకున్న ఆటగాడు ఆదివారం సాయంత్రానికి ఐదారు పాయింట్ల దగ్గర ఆగిపోతే కలిగే బాధ చిన్నదేమీ కాదు. అయితే, ఆ బాధలో తీసుకునే నిర్ణయం వల్ల జరిగే నష్టం ఆటగాడు చేసిన నష్టం కంటే చాలాసార్లు పెద్దదిగా ఉంటుంది.

అపోహ: నాలుగైదు వారాలు పాయింట్లు రాకపోతే ఆ ఆటగాడు ఆ సీజన్‌కు అయిపోయినట్టే.

వాస్తవం: పాయింట్లు జరిగిపోయిన ఆట ఫలితాన్ని చెబుతాయి, అవి ఎందుకు రాలేదో మాత్రం చెప్పవు. ఆటగాడి శరీరం సహకరించడం లేదా, అతనికి బంతి రావడం తగ్గిందా, లేక అంతా సవ్యంగానే ఉన్నా మ్యాచులు సాగిన తీరు వల్ల అంకెలు చిన్నవయ్యాయా అన్నది విడదీసి చూడకుండా మూడు రకాలవారినీ ఒకే గాటన కట్టి ‘బస్ట్’, అంటే ముంచేసినవాడు, అనడం వల్లే మా లీగులో ఏటా ఎవరో ఒకరు మంచి ఆటగాడిని అడ్డికి పావుశేరు లెక్కన ఇచ్చేస్తున్నారు.

2023లో డాలస్ కౌబాయ్స్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) సీడీ ల్యాంబ్ విషయంలో జరిగింది ఇదే. మొదటి ఐదు మ్యాచుల్లో అతను 27 క్యాచులు, 358 గజాలు, ఒకే ఒక్క టచ్‌డౌన్ దగ్గర ఉన్నాడు. అక్టోబరు 8న శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో కౌబాయ్స్ 42-10 తేడాతో ఓడిన రాత్రి అతనికి వచ్చినవి 4 క్యాచులు, 49 గజాలు. మేమంతా డాలస్ వాళ్లం. ఆ జట్టు ఆడే ప్రతి మ్యాచూ చూస్తాం కాబట్టి, ప్రతి వైఫల్యమూ రెండింతలుగా కనిపిస్తుంది. మర్నాడు ఉదయమే మా లీగులోని ఒక తమ్ముడు ల్యాంబ్‌ను ఒక సాధారణ రన్నింగ్ బ్యాక్‌కు (బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి) ట్రేడు చేశాడు. ఇద్దరి మధ్య కుమ్మక్కు లేనంతవరకు ట్రేడును ఆపే హక్కు కమిషనర్‌కు ఉండకూడదన్నది నా నియమం కాబట్టి ఆమోదించాను, కానీ ఆమోదించేటప్పుడు చేయి ఆడలేదు.

ఎందుకంటే, అప్పటికే కనిపిస్తున్న సంగతులు వేరు. ల్యాంబ్‌కు గాయం లేదు. అతనికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కూ గాయం లేదు. ల్యాంబ్ స్థానాన్ని ఆక్రమించే మరో రిసీవర్ ఆ జట్టులో లేడు. అంతకుముందు కౌబాయ్స్ గెలిచిన మూడు మ్యాచులు 40-0, 30-10, 38-3 తేడాలతో ముగిశాయి. అంత ఆధిక్యంలో ఉన్న జట్టు ద్వితీయార్ధంలో బంతిని విసరవలసిన అవసరమే ఉండదు, గడియారం తిరిగితే చాలు. అంటే ల్యాంబ్ ఆట తగ్గలేదు, అతనితో పనిపడే మ్యాచులు రాలేదు. ఆ తరువాత ఎనిమిదో వారం నుంచి పదో వారం వరకు వరుసగా మూడు మ్యాచుల్లో అతను 158, 191, 151 గజాలు సాధించాడు. ప్రతి మ్యాచులోనూ పదికి పైగా క్యాచులు పట్టాడు. వరుసగా మూడు మ్యాచుల్లో కనీసం 10 క్యాచులు, 150 గజాలు చేసిన ఆటగాడు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అంతకుముందు లేడు. సీజన్ ముగిసేసరికి 135 క్యాచులు, 1,749 గజాలు, 12 టచ్‌డౌన్ క్యాచులతో పీపీఆర్ (క్యాచుకో పాయింటు ఇచ్చే) లెక్కల్లో రిసీవర్లందరిలోనూ అగ్రస్థానంలో నిలిచాడు. ట్రేడు చేసిన తమ్ముడు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. డిసెంబరులో అతను నాతో మాట్లాడినప్పుడు ఓటమి గురించి కంటే, ఆ ఉదయం ఒక్క రోజు ఆగి ఉండవలసిందన్న బాధ గురించే ఎక్కువ చెప్పాడు.

ఇది విని ‘అయితే ఎప్పుడూ ఓపిక పట్టాలి’ అనుకోవడం కూడా పొరపాటే. 2024 సీజన్‌లో చాలామందిని ముంచినది శాన్ ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ. అంతకుముందు ఏడాది పరుగులోనూ క్యాచుల్లోనూ కలిపి 21 టచ్‌డౌన్లు చేసినవాడిని అత్యధిక లీగుల్లో మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నారు. అకిలీస్ స్నాయువు వాపుతో అతను మొదటి ఎనిమిది మ్యాచులు ఆడలేదు, తిరిగి వచ్చి నాలుగే ఆడాడు, మోకాలి గాయంతో మళ్లీ తప్పుకున్నాడు. ఆ నాలుగింటిలో పరుగెత్తి సాధించినవి 202 గజాలు. టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. ఇక్కడ కారణం శరీరం, అందులోనూ గడువు చెప్పలేని గాయం. ఇలాంటివాడిని పేరు చూసి కొనేవారు సెప్టెంబరులో దొరికితే, సగం ధరకైనా ఇచ్చేయడం తెలివైన పనే.

కాన్సాస్ సిటీ టైట్ ఎండ్ (ప్రత్యర్థులను అడ్డుకుంటూనే బంతి కూడా అందుకునేవాడు) ట్రావిస్ కెల్సీది మరో రకం. 2024లో అతను 97 క్యాచులు పట్టాడు, అంటే బంతి వస్తూనే ఉంది. కానీ వచ్చినవి 823 గజాలూ మూడు టచ్‌డౌన్లూ మాత్రమే. అక్టోబరులో 35 ఏళ్లు నిండిన ఆటగాడు క్యాచు పట్టిన చోటు నుంచి ముందుకు సాగలేకపోతున్నాడంటే, అది మ్యాచుల తీరు మారితే పోయే ఇబ్బంది కాదు. అదే ఏడాది మయామీ రిసీవర్ టైరీక్ హిల్ పతనంలో రెండు కారణాలు కలిశాయి: మణికట్టు గాయంతోనే సీజనంతా ఆడాడు, దానికి తోడు అతని క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా తలకు తగిలిన దెబ్బతో నాలుగు మ్యాచులకు దూరమయ్యాడు. 2023లో 1,799 గజాలు చేసినవాడు 959 దగ్గర ఆగిపోయాడు.

ఈ విశ్లేషణ అన్నిసార్లూ ఫలిస్తుందని నేను చెప్పను, ఎందుకంటే అదే ఏడాది నేనే దానితో దెబ్బతిన్నాను. బాల్టిమోర్ టైట్ ఎండ్ మార్క్ ఆండ్రూస్ నాలుగు వారాల్లో 6 క్యాచులు, 65 గజాలు చేశాడు. మూడో వారమూ నాలుగో వారమూ ఒక్క క్యాచు కూడా లేదు. ఆదిలోనే హంసపాదు అనుకున్నాను. స్నాప్‌లు, అంటే అతన్ని మైదానంలో దింపిన సందర్భాలు, కూడా తగ్గాయని చూసి, బంతి రావడమే ఆగిపోయిందని తీర్మానించుకుని అతన్ని వేవర్‌లోకి, అంటే ఎవరైనా తీసుకోగల ఆటగాళ్ల జాబితాలోకి, వదిలేశాను. సీజన్ ముగిసేసరికి అతని టచ్‌డౌన్లు 11. నేను లెక్కలోకి తీసుకోనిది ఏమిటంటే, టైట్ ఎండ్ స్థానంలో వదిలేసినవాడికి బదులు దొరికేవాడు కూడా వారానికి నాలుగైదు పాయింట్లవాడే అయినప్పుడు, లమార్ జాక్సన్ వంటి క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టులో గోల్ లైన్ దగ్గర నమ్మకంగా బంతి అందుకునేవాడిని బెంచి మీద ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. వదిలేసే ముందు ‘ఇతని బదులు ఎవరు?’ అని అడగని నిర్ణయం సగం నిర్ణయమే. రన్నింగ్ బ్యాక్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది, రిసీవర్ విషయంలో ఇంకోలా ఉంటుంది.

అపోహ: ఒక ఏడాది ముంచినవాడిని మరుసటి ఏడాది తాకకూడదు.

వాస్తవం: డ్రాఫ్టు గదిలో నేను అత్యధికంగా వినే మాట ఇదే, దీని వెనుక ఉన్నది కోపం తప్ప లెక్క కాదు. మిన్నెసోటా రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ 2023లో తొడ కండరం గాయంతో పది మ్యాచులే ఆడాడు. 2024లో 1,533 గజాలు చేశాడు. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో 2023లో మణికట్టు గాయంతో పది మ్యాచులతోనే ముగించాడు; మరుసటి ఏడాది 4,918 గజాలు, 43 టచ్‌డౌన్ పాసులతో రెండింటిలోనూ లీగులో మొదటివాడయ్యాడు. జయింట్స్ తరఫున 2023లో పరుగులో వెయ్యి గజాలు దాటని రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీ, ఈగల్స్‌కు మారిన 2024లో 2,005 గజాలు పరుగెత్తాడు. ముందు నిలబడి దారి తీసే లైన్ మారితే పరుగెత్తేవాడి అంకెలు ఎలా మారతాయో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ ఈ మధ్యకాలంలో లేదు. నిరాశ వల్ల ధర పడిపోయిన ఆటగాడే తరువాతి డ్రాఫ్టులో చవకగా దొరుకుతాడు.

అపోహ: ముప్పై ఏళ్లు దాటిన రన్నింగ్ బ్యాక్‌ను తీసుకోకూడదు.

వాస్తవం: సాధారణంగా జాగ్రత్త మంచిదే, అయితే 30 ఏళ్ల వయసులో డెరిక్ హెన్రీ 2024లో 1,921 గజాలు పరుగెత్తాడు. వయసు ధరను తగ్గించాలి, పేరును కొట్టేయకూడదు.

అపోహ: గాయం గురించి నిజం ముందే తెలుసుకోవాలంటే లోపలి కబుర్లు వినాలి.

వాస్తవం: ఈ కబుర్ల మీద నాకు సహనం లేదు. ప్రాక్టీసు నివేదికలు బుధవారం నుంచి అధికారికంగానే వస్తాయి. ఆడనివారి జాబితా మ్యాచుకు 90 నిమిషాల ముందు వస్తుంది. 2024 మొదటి వారంలో మెక్‌కాఫ్రీ తప్పకుండా ఆడతాడని మా గ్రూపులో ఆదివారమంతా సందేశాలు తిరిగాయి, అతని పేరు పక్కన సందేహాస్పదం అన్న గుర్తు మాత్రం అప్పటికే ఉంది. అతని మ్యాచు సోమవారం రాత్రి, వారంలో చివరిది. జాబితా వచ్చేసరికి తక్కిన మ్యాచులన్నీ అయిపోయాయి. అతని స్థానంలో దింపడానికి ఆ మ్యాచు ఆడే రెండు జట్ల నుంచి తమ దగ్గర ఎవరూ లేనివారికి ఆ వారం సున్నా మిగిలింది. మెక్‌కాఫ్రీ బదులు పరుగెత్తే జోర్డాన్ మేసన్‌ను ముందుగానే బెంచి మీద పెట్టుకున్నవారికి అదే రాత్రి 147 గజాలూ ఒక టచ్‌డౌనూ దక్కాయి. మా 12 జట్లలో ఆ పని చేసింది ఒక్కరే, ఆ పెద్దాయన దగ్గర మెక్‌కాఫ్రీ లేడు కూడా.