బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"బ్యాటరీ పోయిందండీ, కొత్తది తీసుకుని వచ్చేయండి." నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. తాళం తిప్పినప్పుడు ఏ చప్పుడు వచ్చిందో గమనించి ఉండరు. మీటరు పెట్టి చూసి ఉండరు. ఇంజిన్ తిరగలేదు, పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఎవరో బ్యాటరీయే అని తేల్చేశాడు, తీర్పు అయిపోయింది. కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాడిగా నేను చూసిన అపోహల్లో జనం జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను. మిగతావి గబగబా చెప్పేసి వదిలేస్తాను.

అపోహ: సెల్ఫ్ తిరగలేదంటే బ్యాటరీ మార్చాల్సిందే

సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పే ఆ రెండు మూడు సెకన్లలో వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. పెద్ద డీజిల్ ఇంజిన్ అయితే ఇంకా చాలా ఎక్కువ. అంత కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరి క్లాంపు, లావుపాటి వైరు, సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), మోటారు, ఇంజిన్ బ్లాక్, ఎర్త్ పట్టీ, బాడీ అన్నీ దాటుకుని తిరిగి మైనస్‌కు చేరాలి. ఈ దారిలో ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ బోల్టు వదులైనా బయటికి కనిపించేది ఒక్కటే: బండి స్టార్ట్ కాదు. ఒక జాయింటులో 0.02 ఓం నిరోధం చేరిందనుకోండి. మామూలు మల్టీమీటరు దాన్ని సరిగా పట్టుకోలేదు కూడా. కానీ 150 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడే 3 వోల్టులు హారతి కర్పూరమైపోతాయి. ఉన్న 12లో 3 పోతే సెల్ఫ్ ఏం తిరుగుతుంది?

కాబట్టి ముందు చెవులతో పని మొదలుపెట్టండి. తాళం తిప్పగానే టకటకటక మని వరసగా కొట్టుకుంటే వోల్టేజీ చాలడం లేదని అర్థం. బ్యాటరీ ఖాళీ అయి ఉండవచ్చు, టెర్మినల్ వదులై ఉండవచ్చు. ఒకే ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే సోలినాయిడ్, సెల్ఫ్ మోటారు, లావు వైర్ల మీద అనుమానం. చప్పుడే లేదు, లైట్లు మాత్రం దేదీప్యంగా వెలుగుతున్నాయంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), తాళం స్విచ్, ఆటోమేటిక్ బండి అయితే గేరు స్థానం, క్లచ్ ఉన్న బండి అయితే క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) చూడాలి. అక్కడ బ్యాటరీని నిందించడం అన్యాయం. ఇక ఇంజిన్ హుషారుగా తిరుగుతూనే ఉండి అందుకోవడం లేదంటే అది పెట్రోలు సమస్యో, స్పార్కు సమస్యో. అప్పుడు కూడా "బ్యాటరీ తీసుకురండి" అనేవాళ్లున్నారు!

రెండో పరీక్షకు కూడా పరికరం అక్కర్లేదు. హెడ్‌లైట్లు వేసి గోడ మీద పడే వెలుగు చూస్తూ తాళం తిప్పండి. వెలుగు పూర్తిగా చచ్చిపోతే లోపం బ్యాటరీలోనో దాని టెర్మినళ్లలోనో ఉంది. ఏమాత్రం తగ్గకపోతే కరెంటు సెల్ఫ్ దాకా పోవడమే లేదు.

ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. ఏడాది తిరక్కుండా ఆయన రెండు కొత్త బ్యాటరీలు కొన్నారు, మూడోది కొనడానికి సిద్ధపడి నా దగ్గరికి వచ్చారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఇంజిన్ వేడెక్కాక మొరాయిస్తుంది. "బ్యాటరీలన్నీ నకిలీవే వస్తున్నాయి బాబూ" అని ఆయన బాధ. నేను జంపర్ కేబుల్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొసను ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి తగిలించి తాళం తిప్పమన్నాను. ఒక్క ఊపున అందుకుంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ పైకి చక్కగానే కనిపిస్తోంది. బోల్టు విప్పి చూస్తే అడుగున వాషరు గుండ్రం మేరా గోధుమ రంగు పొడి, పట్టీ పోగుల్లో సగం తెగిపోయి ఉన్నాయి. గీకి శుభ్రం చేసి కొత్త పట్టీ వేశాం. ఆయన పారేసిన రెండు బ్యాటరీల్లోనూ ఏ లోపమూ లేదని నాకు గట్టి నమ్మకం. ఆ మాట ఆయనతో అనలేదు. అప్పటికే పడ్డ బాధ చాలు.

మీటరు ఉన్నవాళ్లు దీన్నే లెక్కగా చూసుకోవచ్చు. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్లటి మొనను బ్యాటరీ మైనస్ పోస్టు మీద ఆనించండి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉండే సీసపు పోస్టు మీద. ఎర్రటి మొనను ఇంజిన్ బ్లాక్ మీద పెట్టండి. ఇంకొకరు తాళం తిప్పాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అంతకు మించి పోతోందంటే ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా ఇలాగే చూస్తే అర వోల్టు దాటకూడదు. బ్యాటరీలో కాస్తయినా ఛార్జింగ్ ఉన్నప్పుడే ఈ పరీక్షకు విలువ. కరెంటే పారనప్పుడు నష్టం కనిపించదు.

అపోహ: రాత్రికి దిగిపోయిందంటే ఇక పనికిరాదు

ఖాళీ అయిన బ్యాటరీ వేరు, చెడిపోయిన బ్యాటరీ వేరు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లు వేసి మరిచిపోతే 9 ఆంపియర్ల దాకా పోతుంది. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయిదు గంటల్లో ఖాళీ. అందులో బ్యాటరీ చేసిన తప్పేమీ లేదు. ఛార్జర్ పెట్టి నిండా ఎక్కించి, తర్వాత పరీక్షించాలి. దిగిపోయిన బ్యాటరీకి లోడ్ టెస్టర్ (భారీగా కరెంటు లాగి బలం చూసే పరికరం) తగిలించి "పోయింది" అని చెప్పేవాడి మాట నమ్మకండి. ఖాళీగా ఉన్నది ఎలాగూ ఆ పరీక్షలో తప్పుతుంది.

అయితే ఖాళీ చేసి అలాగే వారాల తరబడి వదిలేస్తే మాత్రం పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తి సామర్థ్యం తిరిగి రాదు. ఊరికి వెళ్లి వచ్చేసరికి బండి కదలక బెంబేలెత్తేవాళ్లను చూస్తే నాకు జాలే తప్ప కోపం రాదు. ఎవరూ కావాలని చేసింది కాదు కదా. చాలా రోజులు బండి తీయనప్పుడు మైనస్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి, లేదా నిలకడగా ఛార్జ్ చేసే చిన్న ఛార్జర్ తగిలించండి.

ఏమీ మరిచిపోకుండానే రెండు మూడు రోజులకోసారి దిగిపోతోందా? ఎక్కడో కరెంటు కారుతోంది. తాళం తీసి అన్ని తలుపులూ వేశాక బండి లాగేది సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అర ఆంపియర్ లాగితే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోయినట్టే. మైనస్ వైరుకూ బ్యాటరీకీ మధ్య ఆమ్మీటరు పెట్టి చూడాలి. తొందరపడకూడదు. బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, కొన్నింటికి గంట పడుతుంది. బానెట్ లాకును స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు నమ్మించండి, రిమోట్ తాళాన్ని దూరంగా పెట్టండి. మీటరు తగిలించి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. రీడింగ్ ఎక్కువగా ఉంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు పడిపోతుందో ఆ లైనులోనే దొంగ. నా అనుభవంలో డిక్కీ లైటు, తర్వాత బిగించిన కెమెరాలు, పాటల సిస్టమ్ వైరింగ్ మామూలు ముద్దాయిలు. డిక్కీ లైటు మరీ మాయలాడి. మూత వేశాక వెలుగుతోందో లేదో ఎవరు చూస్తారు? ఫోనులో వీడియో పెట్టి లోపల ఉంచి మూత వేయండి, తెలిసిపోతుంది.

అపోహ: మీటరులో 12.6 వచ్చింది కాబట్టి బ్యాటరీ బంగారం

బండి నిలిపిన కొన్ని గంటల తర్వాత 12.6 వోల్టులు అంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ముప్పావు, 12.2 సగం, 12.0 పావు. ఇంతవరకు నిజమే. కానీ అది ఎంత నిండిందో చెబుతుంది, ఎంత బలముందో చెప్పదు. చిన్న కుండ కూడా నింపితే నిండుగానే కనిపిస్తుంది. పైగా ఇప్పుడే నడిపి ఆపిన బండిలో పైపై ఛార్జ్ వల్ల రీడింగ్ ఎక్కువ వస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపి, తర్వాత చూడండి. అసలు సంగతి సెల్ఫ్ తిరిగేటప్పుడు తేలుతుంది. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ అప్పుడు 9.6 కంటే కిందికి జారితే దాని రోజులు దగ్గరపడ్డట్టే. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి పోయింది, ఇక వాదన అక్కర్లేదు, మార్చండి. పెట్టె ఉబ్బినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా అంతే.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి చూస్తే డైనమో సంగతి తెలుస్తుంది

దయచేసి ఈ పని చేయకండి. చేస్తామని వచ్చిన మెకానిక్ చేతిలోంచి పానా లాక్కోండి. కంప్యూటర్లు లేని పాత బండ్లలో ఇది చెల్లింది. ఇప్పుడు బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే ఆల్టర్నేటర్ (జనం డైనమో అనేది దీన్నే, ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించేది) వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి బండి కంప్యూటరైన ఈసీయూను కాల్చేయగలదు. చూడాల్సిన పద్ధతి ఇంతకంటే తేలిక. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టండి, 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లు ఛార్జింగ్‌ను తామే పెంచి తగ్గించుకుంటాయి కాబట్టి లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు వేసి కూడా చూడండి. అప్పటికీ 12 చిల్లర దగ్గరే ఉండిపోతే కొత్త బ్యాటరీ వేసినా కొద్ది సేపటికి మళ్లీ రోడ్డు పక్కనే.

అపోహ: ఇంకో బండి బ్యాటరీతో జంప్ చేశాక పావుగంట తిప్పితే ఛార్జ్ అయిపోతుంది

కాదు. నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే ఆల్టర్నేటర్ ఇచ్చేది మరీ తక్కువ. పూర్తిగా దిగిన 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 4 ఆంపియర్ల ఛార్జరుతో పన్నెండు గంటల పైమాటే. పావుగంట ప్రయాణంతో మళ్లీ ఒక్కసారి సెల్ఫ్ కొట్టే బలం వస్తే వచ్చింది, లేకపోతే లేదు.

జంప్ చేసే వరస: దిగిన బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ మైనస్, చివరిగా దిగిన బండి ఇంజిన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న ఇనుము. ఆఖరి కొసను బ్యాటరీ మైనస్‌కే పెట్టొద్దనడానికి కారణం హైడ్రోజన్ వాయువు. అక్కడ రవ్వ ఎగిరితే పేలవచ్చు. తీసేటప్పుడు వరస తిరగేయండి.

ఇక చిల్లర అపోహలు. సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందా? ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు. నీళ్లు తగ్గితే యాసిడ్ పోయాలా? ఆవిరయ్యేది నీరే, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, కుళాయి నీళ్లు వద్దు. సీల్ వేసిన వాటి జోలికి పోకండి. ఆస్ప్రిన్ మాత్రలు వేస్తే లేచి కూర్చుంటుందా? లేవదు, లోపలి సీసపు పలకలను తినేస్తుంది. బ్యాటరీ మీద ఛార్జ్ చూపే పచ్చకన్ను పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టా? అది ఒక్క సెల్ సంగతే చెబుతుంది. చలి బ్యాటరీని చంపుతుందా? చంపేది ముఖ్యంగా వేడి, చలి ఆ సంగతి బయటపెడుతుంది. పెద్ద బ్యాటరీ వేస్తే వైరింగ్ కాలుతుందా? కాలదు, సెల్ఫ్ తనకు కావలసినంతే లాగుతుంది. ట్రేలో పట్టి, గట్టిగా బిగించగలిగితే చాలు.

నిజంగానే మార్చాల్సి వస్తే

పాతదాని కొలతలు, ప్లస్ ఏ వైపు ఉందో, కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు (చలిలో సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) చూసుకోండి. ప్లస్ అటుదిటైతే వైరు అందదు, బలవంతంగా తగిలిస్తే మెయిన్ ఫ్యూజూ ఆల్టర్నేటర్ డయోడ్లూ పోతాయి. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగే ఇంజిన్ ఉన్న బండిలో ఏజీఎం ఉంటే ఏజీఎం, ఈఎఫ్‌బీ ఉంటే కనీసం ఈఎఫ్‌బీయే వేయాలి (రెండూ పదేపదే స్టార్ట్ కావడాన్ని తట్టుకునే రకం బ్యాటరీలు). మామూలుది వేస్తే త్వరలోనే మళ్లీ నాలాంటివాడికి పని పడుతుంది. కొన్ని బండ్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో కంప్యూటరుకు చెప్పాలి కూడా. పెట్టె మీద తయారీ తేదీ చూడండి. నెలల తరబడి అరలో ఉన్నదైతే వద్దనండి.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా అప్పుడు రవ్వలు రావు. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వంటసోడా నీళ్లతో కడిగి ఆరనివ్వండి. బ్యాటరీని ట్రేలో కదలకుండా పట్టి ఉంచే పట్టీని వదలకుండా బిగించండి. అదురుకు లోపలి పలకలు విరుగుతాయి, ఈ పట్టీ లేని బండ్లు ఎన్నో నా దగ్గరికి వస్తాయి.

మార్చిన మర్నాడు వచ్చే ఫోన్లకు కూడా ఇక్కడే జవాబు చెప్పేస్తాను. గడియారం తప్పు చూపిస్తుంది, రేడియో స్టేషన్లు పోతాయి, ఒక్క నొక్కుతో పైకి పోయే అద్దం సగంలో ఆగుతుంది, స్టీరింగ్ లేదా ఏబీఎస్ లైటు వెలగవచ్చు. అద్దం పూర్తిగా పైకి పోయాక స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచితే చాలా బండ్లలో సరిపోతుంది. స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, కాస్త దూరం నడిపితే లైట్లు తరచుగా వాటంతటవే ఆరిపోతాయి. నడిపినా ఆరకపోతే అప్పుడు ఫోను చేయండి.