బిందెడు నీళ్లలో ఒక మాత్ర

మందుల కాలుష్యం అనగానే హైదరాబాదీలకు పటాన్‌చెరు గుర్తొస్తుంది. కథ మొదలైంది మాత్రం బాలానగర్‌లో. 1960లలో కేంద్రం అక్కడ ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ పెట్టింది. 1970 పేటెంట్ల చట్టంతో, విదేశీ మందునైనా వేరే పద్ధతిలో తయారుచేసుకునే వీలు కలిగింది. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. అలా ఈ ఊరు బల్క్ డ్రగ్స్‌కి, అంటే మాత్రలోకి వెళ్లే అసలు మందుకి, కేంద్రమైంది.

ఫ్యాక్టరీలు పటాన్‌చెరు, బొల్లారం వైపు పెరిగాయి. వాటి మురుగు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరింది. బావులు పాడయ్యాయని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా వచ్చింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధయి బయటికొస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. గమనించండి, శుద్ధయిన నీరు! లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాను చంపే మందు, ఉంది. పదహారు లీటర్ల బిందె ముంచితే దాదాపు ఒక 500 ఎంజీ మాత్ర అన్నమాట. రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ అలా పోతోందని వాళ్ల లెక్క. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అంత.

చిక్కెక్కడంటే, మురుగును శుభ్రం చేసేది బ్యాక్టీరియానే. ఆ తొట్టిలోకే బ్యాక్టీరియాను చంపే మందు వచ్చి పడుతోంది. తట్టుకున్నవి మాత్రమే మిగులుతాయి. తట్టుకునే జన్యువులను పక్క బ్యాక్టీరియాకూ అందిస్తాయి. ఆస్పత్రుల మురుగు కూడా కలిసే చోటయితే ఇంకా ప్రమాదం.

అంతవరకూ ఇదెందుకు బయటపడలేదు? అధికారులు చూసేది బీఓడీ, సీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే కొలతలు), పీహెచ్ (ఆమ్లగుణం కొలత) లాంటివి. యాంటీబయాటిక్ ఆ జాబితాలోనే లేదు. వెతకనిది ఎలా దొరుకుతుంది?

2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో, మందుల ఫ్యాక్టరీల మురుగులో ఒక్కో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో పరిమితి రాసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితుల పట్టిక మాయమైంది.