‘పరిశీలిస్తున్నట్టు సమాచారం’: జనం మీదికి మాట వదిలి చూసే పద్ధతి వెనుక కథ

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర మా బావకి నాలుగెకరాల జీడితోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడి ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు ఆ తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మళ్లీ గోతులు తీసి, మొక్కలు తెచ్చి, కుండలతో నీళ్లు మోసి పెంచాడు. అవి కాపు పట్టే వేళకి ఉద్దానంలో కార్గో ఎయిర్‌పోర్టు అన్న మాట మొదలైంది. ఒక పొద్దున్న పేపర్ ముక్క ఫోటో తీసి నాకు పంపాడు. చివరి వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఉంది: ‘అనువైన భూములను పరిశీలిస్తున్నట్టు సమాచారం.’ వెంటనే ఫోన్. “ఏటి బావా ఇది? పరిశీలిస్తన్నది ఎవులు? పేరు లేదేటి?”

నిజంగానే పేరు లేదు. ఆ వాక్యానికి కర్త లేడు. ‘యోచిస్తున్నట్టు తెలిసింది’, ‘ప్రతిపాదన ఉన్నట్టు విశ్వసనీయ వర్గాలు చెబుతున్నాయి’... రోజూ చదివే మాటలే కాబట్టి మనకి వింతగా అనిపించవు. తన తోట సర్వే నంబరు ఆ వాక్యంలో ఉందేమోనని భయపడేవాడికి మాత్రం మొదట కనిపించేది ఆ ఖాళీయే.

ఈ పనికి తెలుగులో పేర్లు చాలానే ఉన్నాయి. నాయకులు ‘ఒక రాయి వేసి చూద్దాం’ అంటారు. విలేకరులు ‘ఫీలర్ వదిలారు’, ‘లీకు ఇచ్చారు’ అని రాస్తారు. ఇంకొంచెం మర్యాదగా అయితే ‘జనం నాడి పట్టి చూస్తున్నారు’. అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం కానీ, నాడి పట్టడానికీ రాయి వేయడానికీ చాలా దూరం ఉంది. నాడి పట్టాలంటే వైద్యుడు ఎదురుగా కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, తానెవరో తెలియాలి. రాయి చీకట్లో కూడా వేయొచ్చు. తగిలితే సరే, ఎవరైనా అరిస్తే నేను కాదనొచ్చు.

బయటి దేశాల్లోనూ ఇలాంటి మాటలున్నాయి. 1783లో ఫ్రాన్సులో మనుషులు బెలూన్లలో ఎగరడం మొదలుపెట్టిన కాలంలో, గాలి ఎటు వీస్తుందో చూడటానికి ముందు చిన్న బెలూన్ వదిలేవారు. రాజకీయాల్లో వాడే ‘ట్రయల్ బెలూన్’ అక్కడి నుంచి వచ్చిందే. 1950ల్లో అమెరికా ప్రకటనల కంపెనీల వాళ్లు ‘దీన్ని జెండా కర్రకి ఎగరేసి, ఎవరు సెల్యూట్ కొడతారో చూద్దాం’ అనేవారు. బెలూన్ పేలినా, జెండాకి ఎవరూ సెల్యూట్ కొట్టకపోయినా పోయేదేమీ లేదు. భూమి సంగతి అలా కాదు.

మన ప్రాంతంలో ఒక ఆలోచనని జనం ముందు పేరు పెట్టి మరీ ఉంచిన సందర్భం ఉంది. విజయనగరం మహారాజా ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ బాలికల పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. 1,034 తేలాయి. వాళ్లలో ఏడాది నిండిన పిల్లలూ ఉన్నారు. మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. 1892లో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ల చేతుల మీదుగా రంగస్థలం ఎక్కింది. అచ్చయింది 1897లో. 1909 నాటికి గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశారు. ఎవరు రాశారో, ఎవరి అండ ఉందో చూసినవాళ్లందరికీ తెలుసు. నచ్చనివాళ్లకి ఎవరిని తిట్టాలో కూడా తెలుసు. నా దృష్టిలో నాడి పట్టడం అంటే ఇదీ.

చట్టం కూడా కాగితం మీద ఇదే అడుగుతుంది. పెద్ద ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నియమం 1997లో వచ్చింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనం కూడా చేయాలంది. 2018లో మన రాష్ట్రం తెచ్చిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ అధ్యయనం అక్కర్లేకుండా చేసే వీలు కలిగింది.

సోంపేటలో ఏం జరిగిందో ఈ జిల్లా మర్చిపోలేదు. అక్కడి బీల భూములు ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉంటాయి. చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, చుట్టుపక్కల సాగు చేసేవాళ్లు దాని మీదే బతుకుతారు. 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కోసం రాసిన కాగితాల్లో మాత్రం అది పనికిరాని నేల. జనం వద్దని ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పర్యావరణ అనుమతి రద్దయింది కూడా ఆ రోజుల్లోనే. 2011 ఫిబ్రవరిలో, ఇదే జిల్లాలో ఇంకో థర్మల్ ప్లాంటు తలపెట్టిన కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ముందు మాటతో అడిగి, ఆ జవాబుని మాటగానే విని ఉంటే ఆ ఇళ్లలో మనుషులు ఉండేవారు.

పక్కనే విజయనగరం జిల్లా భోగాపురంలో రాయి అంకె రూపంలో పడింది. 2015లో ఎయిర్‌పోర్టుకి 15 వేల ఎకరాలన్న మాట ముందు బయటికొచ్చింది. ఊళ్లు భగ్గుమన్నాక 5 వేల పైచిలుకు అన్నారు. నిరసనలు, కోర్టు కేసులు నడిచాయి. అంకె 2,700 దాకా దిగి, చివరికి ఎయిర్‌పోర్టు 2,203 ఎకరాల్లో తేలింది. రెండు ప్రభుత్వాలు రెండుసార్లు, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఒకసారి, శంకుస్థాపన చేశాయి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట జనం ఊళ్లు ఖాళీ చేసి వెళ్లారు. మొదటి అంకె లెక్క తప్పి వచ్చిందో, కావాలని వచ్చిందో నేను చెప్పలేను. దాని వల్ల ఏమైందో చెప్పగలను. 15 వేలు విన్న చెవికి 5 వేలు తగ్గింపులా వినిపించింది. ఆ 15 వేలల్లో ఉండి, తర్వాత బయటపడ్డ రైతు ఈలోపు ఎన్ని రాత్రులు టెన్షన్‌తో నిద్రపోలేదో ఎవరూ లెక్క రాయలేదు. మాట గాలిలో ఉన్నంతకాలం బోరు వేద్దామంటే చెయ్యి రాదు. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేవాడు సగం ధరే అడుగుతాడు. మా జిల్లాలోనే కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రానికి 2009లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. రియాక్టర్లు ఇవ్వాల్సిన వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలాకి వెళ్లింది. అక్కడి మత్స్యకార పల్లెలు ఇన్నేళ్లూ ఉంటామో పోతామో తెలియకుండానే గడిపాయి.

మాట ముందుగా బయటికి రావడం వల్ల మేలు జరిగిన సందర్భం కూడా చెప్పాలి. లోక్‌సభ స్థానానికో జిల్లా అన్నప్పుడు, విజయనగరం లోక్‌సభ కిందికి వచ్చే ఎచ్చెర్ల నియోజకవర్గం శ్రీకాకుళానికి దక్కకుండా పోతుందని ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. యూనివర్సిటీ అక్కడే, ఫ్యాక్టరీలూ అక్కడే. 2022 జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి 30 రోజులు గడువు పెట్టారు. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేసరికి ఎచ్చెర్ల శ్రీకాకుళంలోనే ఉంది, రాజాం విజయనగరానికి వెళ్లింది. అందరూ సంతోషించారని కాదు. కానీ అర్జీ ఎవరికి ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో అందరికీ తెలిసింది.

ఆ పేపర్ ముక్క వచ్చిన వారానికే నేను బావ తోటకి వెళ్లాను. నూతి పక్కన పాలిథిన్ కవర్లలో జీడి అంట్లు వరసగా పెట్టి ఉన్నాయి. తుపానుకి పోయిన చెట్ల చోట్లలో ఇంకా మిగిలిన ఖాళీల కోసం తెచ్చినవి. గోతులు తీసే ఉన్నాయి. కొన్ని కవర్ల అడుగున చిల్లుల్లోంచి వేళ్లు బయటికొచ్చి నేలలోకి దిగుతున్నాయి.

“నాటవా?” అన్నాను.

“నాటుదునా మాందునా అని సూత్తన్నాను” అన్నాడు బావ, కవర్ల మీద చెంబుతో నీళ్లు పోస్తూ.