ఊరి కథ అడిగిపోయినవాళ్లు

పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడానికి ఇప్పుడు ఫోను ఒక్కటి చాలు. ప్రాజెక్టు వర్కు చేసే డిగ్రీ పిల్లలు, యూట్యూబ్ ఛానెళ్లవాళ్లు, పరిశోధకులు, అందరూ రాయలసీమ పల్లెలకు వస్తున్నారు. అరుగు మీద కూర్చుని అవ్వ చెప్పిన కథ ఎక్కడికి పోయిందో, ఎవరు విన్నారో మళ్లీ అవ్వకు తెలిసేది తక్కువ. ఇంటర్వ్యూకు ముందు ఒప్పుకోలు ఫారం మీద సంతకం తీసుకుంటే సరిపోతుందా అన్న వాదన ఇందులోంచే వచ్చింది. సీమలో ఈ వాదనకు వెనక రెండు వందల ఏళ్ల సంగతి ఉంది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కిందే ఉంది. కొత్తగా చేతికొచ్చిన దత్త మండలాల్లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించారు. కావలి బొర్రయ్య మొదలుపెట్టిన ఆ పని, 1803లో ఆయన పోయాక సోదరుడు లక్ష్మయ్య చేతికి వచ్చింది. అలా తయారైనవే కైఫీయత్తులు. వాటిలో ఊరి పుట్టుక, గుళ్లు, చెరువులు, మాన్యాలు అన్నీ ఉంటాయి. కానీ చెప్పింది ఎక్కువగా కరణాలు. అడుగుతున్నది కంపెనీ మనిషి. పాత రికార్డు చూపిస్తే ఇనాము భూమి నిలుస్తుందా, ఊడుతుందా అని అవతలివాళ్లకు గుబులు. కాబట్టి కైఫీయత్తు చదివేటప్పుడు ఏం చెప్పారన్నదే కాదు, ఎందుకలా చెప్పారన్నదీ చూసుకోవాలి. మాలవాడలో, మాదిగవాడలో అడిగి ఉంటే ఇంకో చరిత్ర వచ్చేదని నా నమ్మకం. 1821లో మెకంజీ చనిపోయాక ఆయన సేకరణను కంపెనీ ఆయన భార్య దగ్గర 10 వేల పౌండ్లకు కొన్నది. కథలు చెప్పిన ఊళ్లకు అందులో వాటా అన్న ఆలోచనే ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. శిథిలమవుతున్న ఆ కాగితాలకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫీయత్తులు చాలాకాలం తర్వాత కడపలో ఆయన పేరిట ఉన్న కేంద్రం నుంచే పుస్తకాలుగా వచ్చాయి. ఊరి మాట ఊరికి తిరిగొచ్చిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

ఇంకో రకం అడగడం కూడా ఉండేది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం స్థానంలో 1911లో వచ్చిన కొత్త చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎరుకల, ఒడ్డె కులాల్లో కొందరిని సెటిల్‌మెంట్లలో, అంటే నిఘా కింద ఉండే శిబిరాల్లో పెట్టారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ ఒకటి నడిచింది. వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు, తిరిగే దారులు, చుట్టాల ఊళ్లు అడిగి రాసుకున్నది ఎక్కువగా పోలీసులే. ఆ ఇళ్లలో ఇప్పుడు మీ తాత ఏం చేసేవాడని అడిగితే వెంటనే జవాబు రాదు. దాన్ని మొహమాటం అనుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

శ్రీశైలం ముంపు దగ్గరిది ఇంకో తీరు. రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. 1981లో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించిన ఊళ్ల మనుషుల మాటలకు మాత్రం అంత శ్రద్ధ దొరకలేదు. వాళ్లు ఇప్పుడు మాట్లాడితే పరిహారం లెక్కలు, ఎవరి పొలానికి ఎవరు డబ్బు తీసుకున్నారన్నవీ బయటికొస్తాయి. కొడుకు పక్కనుంటే తల్లి చెప్పే కథ మారుతుంది.

ఫ్యాక్షన్ ఊళ్లలో అయితే చిక్కు మరీ పెద్దది. పేరు మారుస్తాం అని చెప్పడం సులువు. ఫలానా ఏడు, ఫలానా బావి దగ్గర అనగానే ఊళ్లో అందరికీ మనిషి తెలిసిపోతాడు. పైగా మన చట్టంలో పరిశోధకుడికి రహస్యం దాచుకునే హక్కంటూ ప్రత్యేకంగా లేదు. కోర్టు అడిగితే రికార్డింగు ఇవ్వాల్సిందే. ఇందుకు అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని బోస్టన్ కాలేజీది. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రభుత్వానివి కాని సాయుధ ముఠాల్లో పనిచేసినవాళ్లను 2001 నుంచి 2006 దాకా అక్కడ రికార్డు చేశారు. మీరు పోయాకే బయటపెడతాం అని మాటిచ్చారు. 2011లో బ్రిటన్ పోలీసుల తరఫున సమన్లు వచ్చాయి. 2013లో కొన్ని టేపులు పోలీసులకు చేరాయి. బతికున్నవాళ్ల మీద కేసులు పడ్డాయి. ఆ మాట ఇచ్చే ముందు వకీలును గట్టిగా అడిగి ఉండాల్సింది.

ఇక ఫారం సంగతి. చదువురాని మనిషిని వేలిముద్ర వేయమంటే సీమలో ముందు గుర్తొచ్చేది ప్రోనోటు. అందుకే చాలామంది ఒప్పుకోలు కూడా మాటల్లోనే రికార్డు చేస్తారు. అప్పుడైనా ఏది ఎవరికి వినిపించవచ్చు, ఏ భాగం ఎన్నేళ్లు మూసి ఉంచాలి, తర్వాత వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి విడివిడిగా అడగాలి. రికార్డయింది ఒకసారి వినిపించాక మళ్లీ అడిగితే జవాబు మారొచ్చు. బుర్రకథో వీరగాథో పాడినవాళ్లకైతే 1994 సవరణతో కాపీరైట్ చట్టంలోనే ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. ఆ సంగతి పాడేవాళ్లకు చెప్పేవాళ్లు అరుదు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పరిశోధనకు, ఆర్కైవులకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. దాంతో అవ్వ గొంతు ఎక్కడ ఉండాలన్నది చాలావరకు రికార్డు చేసినవాళ్లూ, దాచినవాళ్లూ రాసుకునే ఒప్పందానికే వదిలేసినట్టయింది.