థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం, తిండి తిప్పలు: అపోహలు – వాస్తవాలు

ఆరేళ్ళుగా థాయ్‌లాండ్ ఈశాన్యంలో, ఈసాన్ అనే ప్రాంతంలో, స్కూలు పిల్లలకి ఇంగ్లిష్ చెప్తున్నాను. అక్కడ మార్చి నుంచి మే నడిమి దాకా బళ్ళకి సెలవులు కాబట్టి మామిడికాయల టైముకి కావలిలో మా ఇంట్లో ఉంటాను. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఈ ఉద్యోగం గురించి అడుగుతారు. ఈసారి ఒంగోలు నుంచి ఇద్దరు అమ్మాయిలు సర్టిఫికెట్ల ఫైళ్ళు పట్టుకుని ఇంటికే వచ్చేశారు. వీసా గురించి రెండు ప్రశ్నలు, తిండి గురించి ఇరవై. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: తెల్లవాళ్ళకి తప్ప మనకి ఆ ఉద్యోగం ఇవ్వరు.

ఇస్తారు. ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. కాకపోతే ఒకే పనికి జీతంలో తేడా చూపిస్తారు, అది అన్యాయమే, ముందే తెలుసుకుని వెళ్ళండి. డిగ్రీ తప్పనిసరి, చాలా స్కూళ్ళు టోయిక్ లాంటి ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు కూడా అడుగుతాయి. ఉద్యోగానికి ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి. "టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అనే ఏజెంటు దొరికితే అక్కడే ఆపేయండి. ఆ వీసా మీద పని చేయడం నేరం.

అపోహ: మన యాస పిల్లలకి నష్టం.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. మనం మాట చివర అచ్చు తగిలిస్తాం: బస్సు, బుక్కు, బాలు. థాయ్ పిల్లలు దానికి సరిగ్గా తిరగేసి, చివరి శబ్దాన్ని మింగేస్తారు లేదా మార్చేస్తారు. వాళ్ళ భాషలో మాట చివర స, ల పలకవు, అందుకే బస్ కాస్తా 'బట్', ఫుట్‌బాల్ కాస్తా 'ఫుట్‌బాన్' అవుతుంది. నా నోటి చివరి 'ఉ'ని వదిలించుకోవడానికి నేను పడ్డ కష్టం నాకు గుర్తుంది కాబట్టే, అరచెయ్యి నోటి ముందు పెట్టించి, గాలి తగిలేదాకా "బస్స్స్" అనిపించి, అక్కడ టక్కున ఆపించడం నాకు చేతనైంది. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషే మాట్లాడేవాళ్ళకి ఈ ఇబ్బంది ఎక్కడ పుడుతుందో తట్టాలంటే టైం పడుతుంది.

అపోహ: అక్కడి తిండి కంపు, మనం ఒక్క ముద్ద తినలేం.

నెల్లూరు తీరం వాళ్ళు ఈ మాట అనకూడదు. అన్ని కూరల్లోనూ పోసే నామ్ ప్లా అంటే నెత్తళ్ళ లాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసిన నీళ్ళు. ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర తిని పెరిగిన ముక్కుకి అది పరాయి వాసనేం కాదు. ఈసాన్‌లో ప్లా రా అని ఇంకో రకం ఉంది, మంచినీళ్ళ చేపల్ని మాగబెట్టి చేస్తారు, దాని ఘాటు మాత్రం ఎక్కువే, టైం ఇవ్వండి. మనల్ని ఇబ్బంది పెట్టేది కారం కాదు, తీపి. పచ్చి బొప్పాయి తురిమి రోట్లో దంచే సోమ్ తమ్‌లో కూడా బెల్లమో పంచదారో పడుతుంది. "మై వాన్", అంటే తీపి వద్దు, అని ముందే చెప్పాలి. తూటికూర, కాకరకాయ, బీరకాయ, మునక్కాయ అన్నీ సంతలో దొరుకుతాయి. కరివేపాకు మాత్రం దొరకడం కష్టం, ఎండబెట్టి తీసుకెళ్ళండి.

అపోహ: శాకాహారులు బతకలేరు.

ఒంగోలు అమ్మాయిల్లో ఒకరు గుడ్డు కూడా ముట్టదు, ఆమె టెన్షన్ అంతా ఇదే. గుర్తుంచుకోవాల్సిన మాట 'జే'. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఆ మాట రాసి ఉన్న కొట్లో మాంసం, గుడ్డు, పాలు, నామ్ ప్లా ఏవీ వాడరు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, మన ఉపవాసం రోజు వంటలాగే. 'మాంగ్‌సవిరాట్' అనే మాట కూడా ఉంది, మాంస విరతి అన్నమాట, కానీ అందులో గుడ్డు వచ్చేస్తుంది. చూశారా, సగం మాటలు మనవే! ఆహారాన్ని 'ఆహాన్' అంటారు, గురువుని 'ఖ్రూ' అంటారు. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద 'రోట్ థమ్మచాట్' అని ఉందో లేదో అడగండి, 'రోట్' మన రసమే, 'థమ్మచాట్' అంటే ప్రకృతి. అది తప్ప మిగతావి చాలావరకు తీపి పెరుగులే, అన్నంలో కలిపితే తినలేరు.

అపోహ: పురుగులు తినమంటారు.

ఎవరూ బలవంతం చేయరు. రాత్రి సంతల్లో వేయించి అమ్ముతారు, ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటారు. వాన పడిన రాత్రి దీపం దగ్గర ఉసిళ్ళు పట్టి వేయించుకునేవాళ్ళని మా అమ్మమ్మ కూడా చెప్పేది.

అపోహ: చేత్తో తింటే పరువు పోతుంది.

ఈసాన్‌లో జిగట అన్నాన్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఆవిరి మీద ఉడికించి, వేళ్ళతో చిన్న ఉండ చేసి కూరలో అద్దుకుని తింటారు. మామూలు అన్నానికి స్పూను, ఫోర్కు. చాప్‌స్టిక్ పుల్లలు నూడుల్స్‌కే.

అపోహ: పచ్చళ్ళు, పొడులు ఉంటే ఏడాది గడిచిపోతుంది.

ఇదే అన్నిటికంటే ప్రమాదం. మొదటి నెల నేను చేసింది ఇదే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పక్క క్లాసు టీచరు గుమ్మం దగ్గరికి వచ్చి "కిన్ ఖావ్ రు యంగ్?" అనేది. అన్నం తిన్నావా అని, అచ్చం మన ఊళ్ళో అడిగినట్టే. నేను గదిలో కందిపొడి అన్నం కలుపుకోవాలని "కిన్ లేవ్", తిన్నాను, అనేదాన్ని. ఆమె నవ్వి వెళ్ళిపోయేది. నెలాఖరుకి పొడి అయిపోయింది, నాలుగు కిలోలు తగ్గాను, స్కూల్లో ఒక్కరి పేరూ సరిగ్గా తెలియదు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్ని, అక్కడ గడియారం గంటన్నర ముందు కాబట్టి ఇక్కడ వాళ్ళు అప్పుడే అన్నాలకి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆ టీచర్ని 'పీ' అని పిలుస్తాను, అక్క అన్నమాట. నా ఆవకాయ ఆమె డబ్బాలో, ఆమె కూర నా డబ్బాలో.

పచ్చడి తీసుకెళ్ళండి, చెకిన్ బ్యాగులో, రెండు కవర్లు వేసి. మొదటి రోజు ఎవరైనా అన్నం తిన్నావా అని అడిగితే మాత్రం కడుపు నిండి ఉన్నా "యంగ్" అనండి. ఇంకా లేదు అని అర్థం. కుర్చీ వాళ్ళే లాగుతారు.