అడివికి అగ్గి పడ్డాక: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం వస్తే కడప చుట్టూ ఉన్న కొండల్లో, అది పాలకొండలు కానీ లంకమల కానీ, ఎక్కడో ఒకచోట అగ్గి పడుతుంది. అడివి పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ మర్నాటి నుంచీ నా చెవిన పడే మాటలు దాదాపు ప్రతి ఏడూ ఇవే.

అపోహ: కాలిపోయింది, ఇంక ఆ అడివి లేనట్టే.

అమెజాన్ మంటల వీడియోలు చూసి పుట్టే భయం ఇది. అక్కడిది ఎప్పుడూ తడిగా ఉండే అడివి, చెట్ల బెరడు పలచన. మోకాలెత్తు మంట తగిలినా పెద్ద చెట్లు కొన్నేళ్ళ పాటు ఒక్కొక్కటే చచ్చిపోతుంటాయి. మనది ఆకురాల్చే ఎండు అడివి. మంట ఎక్కువగా గడ్డినీ రాలిన ఆకునూ పట్టుకుని నేలబారునే పాకుతుంది. నాలుగు వేళ్ళ లోతుకి మట్టిలో వేడి బాగా తగ్గిపోతుంది. ఎర్రచందనం, చిరుమాను, మోదుగ, తునికి పైన మాడినా మొదట్లోంచి పిలకలేస్తాయి. నమ్మకం కుదరకపోతే చెట్టు మొదలు దగ్గర చాకు మొనతో చిన్నగా గీరి చూడండి. నల్లటి పొర కింద తడి ఉంటే బతికే ఉంది.

అపోహ: వానలకు పచ్చబడింది కదా, కోలుకున్నట్టే.

అసలు మోసపోయేది ఇక్కడే. జూలైలో కనబడే ఆ పచ్చదనంలో చాలావరకు బోదగడ్డే. వచ్చే ఎండలకు అదే ఎండి మళ్ళీ మంటకు మేత అవుతుంది. ఆ గడ్డి పాయదీసి చూస్తే రెండు జానల ఎర్రచందనం మొక్క దొరుకుతుంది. చూడ్డానికి ఈ ఏడు మొలిచినంత లేతగా ఉంటుంది. మొదట్లో మట్టి తీస్తే వేరు బొటనవేలంత లావు, దాని మెడ చుట్టూ పాత కాడలు మాడిన గుర్తులు! ఏటా కాలుతూ, వేర్లో దాచుకున్న శక్తంతా పెట్టి ఏటా కొత్త కాడ వేస్తోందన్నమాట. మంటకు అందనంత ఎత్తు, మంటను ఓర్చుకునేంత బెరడు రావాలంటే దానికి వరసగా కొన్నేళ్ళు అగ్గి తగలకూడదు. ఏటా కాలే కొండ మీద ముసలి చెట్లుంటాయి, గడ్డి ఉంటుంది, నడిమి వయసు చెట్లే కనబడవు. పెద్దమంట ఒకసారి వచ్చిపోతే నాకంత దిగులుండదు. అదే గట్టు ఏటా అంటుకుంటుంటే మాత్రం నిద్ర పట్టదు.

అపోహ: బూడిద ఎరువే కదా.

సగం నిజం. పొటాష్, సున్నం, భాస్వరం మిగులుతాయి, నత్రజని చాలావరకు పొగతోనే పోతుంది. మిగిలినదాన్ని కూడా వాలు మీద మొదటి గట్టివాన పైమట్టితో సహా వంకలోకి కడిగేస్తుంది.

ఎండకు అడివి దానంతటదే అంటుకుంటుందన్న మాటా నిలవదు. మా కొండల్లో దాదాపు ప్రతి మంట వెనకా మనిషి చెయ్యి ఉంటుంది: ఆర్పని బీడీ, తేనె కోసం పెట్టిన పొగ, కొత్త గడ్డి మొలవాలని వేసిన అగ్గి. అలాగని గొర్రెల కాపరులందర్నీ తిట్టడం అన్యాయం. మంట సంగతి ముందుగా చెప్పేదీ, పచ్చికొమ్మలు విరిచి కొట్టి ఆర్పేదీ చాలాసార్లు వాళ్ళే.

అపోహ: వెంటనే గుంతలు తీసి మొక్కలు నాటాలి.

ఆ ఆత్రం మంచిదే. కానీ జేసీబీతో గుంతలు తవ్వితే తెగేది బతికున్న వేర్లే. ఒక వానాకాలం ఆగండి. పిలకలొచ్చిన మోడుకు బలమైనవి ఒకటో రెండో ఉంచి తక్కినవి తీసేయండి, అక్కడ మేత ఆపండి, ఏమీ మొలవని చోటే నాటండి. అడివిని ఆక్రమించే పరాయి పొద, లాంటానా కంప విషయంలో మాత్రం ఆగకూడదు. అదీ కాలిన మొదట్లోంచే లేస్తుంది, తొలి వానలకే వేరుతో పీకాలి. నాటడానికి పెట్టే మనుషుల్లో సగం మందిని జనవరిలో ఫైర్‌లైన్ల (మంట దాటిపోకుండా అడివిలో ఖాళీగా ఉంచే బాటల) మీద గడ్డి గీకడానికి పంపినా, ఆ రెండు జానల మొక్కలకు అగ్గి తగలని ఏడు ఇంకొకటి దక్కుతుంది.